గౌతమి యను పేరు

పిల్లల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములు చదువుట మా పనులలో నొకటి. ఆ ఉత్తరములలోని పేర్లు కాలముతోపాటు మాఱుచుండుట మేము చూచుచునే యున్నాము. ఒకప్పుడు తాత పేరు మనుమనికి, నాయనమ్మ పేరు మనుమరాలికి అడుగకుండగనే వచ్చెడిది. ఇప్పుడు తల్లిదండ్రులు పుస్తకములు తెఱచి పేరు వెదకుచున్నారు. వెదకి, దీని కర్థమేమని మాకు వ్రాయుచున్నారు. ప్రశ్న మంచిదే. కాని పేరునకు నిఘంటువులో నొక అర్థముండును, చరిత్రలో మఱియొక అర్థముండును. ఆ రెండింటికిని పొత్తు కుదురవలెనను నియమమేదియు లేదు.

ఈ మధ్య ఒకే పేరును గూర్చి రెండుమూడు ఉత్తరములు వచ్చినవి. ఆ పేరు గౌతమి. ఒక తల్లి ఆ పేరు తన కూతునకు పెట్టదలచినదట. ఇంటిలోని పెద్దలు నది పేరు ఆడపిల్లకు పనికిరాదని అడ్డు చెప్పుచున్నారట. వారి మాటకు ఆధారము లేకపోలేదు; దానిని తరువాత చూతము. ముందు ఆ పేరు ఎక్కడ పుట్టి, ఏయే ఇండ్లు తిరిగి మన గోదావరి గట్టునకు చేరినదో చెప్పవలసియున్నది.

వ్యాకరణము సులభమే. గోతముడు మూలపురుషుడు. ఆయన సంతతివాడు గౌతముడు. ఆ సంతతిలోని స్త్రీ గౌతమి. మొదటి అచ్చునకు వృద్ధి వచ్చి ఓకారము ఔకారమైనది. వసిష్ఠుని వలన వాసిష్ఠి, కుశికుని వలన కౌశికి వచ్చిన దారియే ఇదియును. గౌతమి యనగా గోతముని ఇంటి ఆడపడుచు. అంతకు మించి అక్షరార్థము లేదు. ఇక గోతమ శబ్దమును విడదీసినచో, 'గో' అను మాటకు 'తమ' అను అతిశయార్థక ప్రత్యయము చేరినట్లు కనబడును. గోసంపద మిక్కిలిగా గలవాడనియో, గోవులలో మేలైనదనియో భాషావేత్తలు దీనికి అర్థము చెప్పుదురు. పశువులే ధనమైన కాలమున అది గొప్ప పేరే. మన పౌరాణికులకు మాత్రము ఇంత సాదా అర్థము రుచింపలేదు. గోవనగా కిరణము, తమమనగా చీకటి. కనుక వెలుగుచే చీకటిని పోగొట్టినవాడని వారు చెప్పిరి. నేటి పేర్ల పుస్తకములలో 'చీకటిని పోగొట్టునది' అని కనబడు అర్థము ఈ రెండవ దారిన వచ్చినదే. శాస్త్రదృష్టితో మొదటిదే నిలుచును. అయినను ఉయ్యాలలోని పిల్లను చూచుచు ఒక తల్లి రెండవ దానిని ఎంచుకొన్నచో ఆమెను తప్పుపట్టుటకు మేము సిద్ధముగా లేము.

పేరునకు అర్థమడుగుట యెంత పాత అలవాటో తెలియవలెనన్న మహాభారతమున ఆనుశాసనిక పర్వము చూడవలెను. క్షామకాలమున ఋషులు ఆకలితో తిరుగుచుండగా, వారిపై అలిగిన వృషాదర్భి యను రాజు హోమాగ్నినుండి యాతుధాని యను కృత్యను పుట్టించి, వారి పేర్లను, పేర్ల అర్థములను తెలిసికొని చంపుమని పంపెను. ఆమె ఒక తామరకొలనునకు కావలి కూర్చుండి, పేరు చెప్పి అర్థము చెప్పినగాని తామరతూడులు కోయరాదని కట్టడి చేసెను. అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు, భరద్వాజుడు, గౌతముడు, విశ్వామిత్రుడు, జమదగ్ని, అరుంధతి వరుసగా తమతమ పేర్లకు వ్యుత్పత్తి చెప్పిరి. ఆ వ్యుత్పత్తులు ఎంత చిక్కుగా నున్నవనగా, యాతుధాని ఒక్కొక్కరితోను నీ పేరు నాకు మనసున నిలువలేదు, పోయి కొలనులో దిగుమని చెప్పవలసివచ్చెను. పేరు యొక్క అర్థము చేజిక్కినచో మనిషియు చేజిక్కునని ఆ కథలోని నమ్మకము. నేడు పేరునకు అర్థమడుగువారికి అంత దురుద్దేశము లేదుగాని, నిరుక్తము చెప్పుటలోని చిక్కు మాత్రము అట్లే యున్నది.

గోతమ వంశపు పురుషులను గూర్చి విస్తరింపము. ఋగ్వేదపు మొదటి మండలమున సూక్తములు గల గోతమ రాహూగణుడు, అహల్య భర్త, న్యాయసూత్రములు చేసిన అక్షపాదుడు, ధర్మసూత్రకర్త, మహావీరుని శిష్యులలో మొదటివాడైన ఇంద్రభూతి, వీరందఱును గౌతములే. అందఱికంటె లోకమునకు ఎక్కువ తెలిసినవాడు శాక్యుల ఇంటి సిద్ధార్థుడు. ఆయనను గౌతమ బుద్ధుడనుట పెట్టిన పేరుతో కాదు, గోత్రముతో పిలుచుట. ఇల్లు విడిచి పోయిన మనిషి ఇంటి పేరుతోనే ప్రసిద్ధుడగుట కొంత వింతగానే యున్నది. నేడు దేశమంతట మగపిల్లలకు గౌతమ్ అని పెట్టుటలో ఆయన స్మృతియే ముఖ్యము.

స్త్రీల సంగతి వేఱు. పాత గ్రంథములలో గౌతమి యను పేరుతో వచ్చు స్త్రీలను ఒకచోట చేర్చి చూచినచో మాకు ఆశ్చర్యము కలిగినది. నాయికలు కారు, యౌవనవతులు కారు. దాదాపు అందఱును తల్లులు. తల్లులు కానిచోట తల్లివంటివారు. అందులోను బిడ్డ వలన దుఃఖమెఱిగినవారు.

ఆనుశాసనిక పర్వపు మొదటి కథనే తీసికొందము. యుద్ధము ముగిసి, బంధువులందఱు చచ్చిరని ధర్మరాజు కుమిలిపోవుచుండగా, అంపశయ్యపైనున్న భీష్ముడు ఆయనకు చెప్పిన కథ యది. గౌతమి యను వృద్ధురాలి కుమారుని పాము కఱచినది, బాలుడు చనిపోయెను. అర్జునకుడను బోయవాడు ఆ పామును త్రాట కట్టి తెచ్చి, దీనిని నిప్పులో వేయుదునా, ముక్కలు చేయుదునా, చెప్పుమని అడిగెను. ఆమె విడువుమన్నది. దీనిని చంపినంతమాత్రమున నా బిడ్డ లేచి రాడన్నది. బోయవాడు వాదించెను, పాము నాది తప్పు కాదు, మృత్యువు పంపినదన్నది, మృత్యువు వచ్చి నన్ను కాలుడు పంపెనన్నది, కాలుడు వచ్చి అంతయు కర్మమనెను. ఈ వాదము పండితులకు ప్రియమైనది. మాకు మాత్రము వాదము మొదలగుటకు ముందు ఆ ముసలి తల్లి అన్న మాటయే కథలోని బరువైన మాటగా తోచుచున్నది. కాలుడు, మృత్యువు వచ్చి చెప్పుటకు ముందే ఆమె పామును విడువుమన్నది గదా!

రెండవ గౌతమి బౌద్ధుల కథలలోనిది. శ్రావస్తీ నగరమున కిసాగోతమి యను పేద ఇల్లాలు. 'కిస' యనగా కృశించినది, బక్కపలుచనిది. ఆమెకు ఒక్కడే కొడుకు. ఆడుకొను వయస్సులో పోయెను. ఆమె ఆ బిడ్డను చంకనిడుకొని మందడుగుచు ఇల్లిల్లు తిరిగెను. బుద్ధుడు ఆమెతో, చావు ఎఱుగని ఇంటినుండి చారెడు ఆవాలు తెమ్మనెను. ఆవాలు లేని ఇల్లు లేదు. చావు లేని ఇల్లును ఆమెకు దొరకలేదు. సాయంకాలమునకు బిడ్డను శ్మశానమున విడిచి ఆమె తిరిగివచ్చి భిక్షుణి యయ్యెను.

మూడవది మహాప్రజాపతి గౌతమి. సిద్ధార్థుని కన్న తల్లి మాయాదేవి ఏడవనాడే చనిపోగా, చెల్లెలైన ఈమె పాలిచ్చి పెంచెను. పెంచిన కొడుకు ఇల్లు విడిచి పోయెను. తరువాత ఆమెయే స్త్రీలకును సంఘమున చోటిమ్మని ఆయనను వేడెను. మూడుమాఱులు అడిగినను ఆయన ఒప్పుకొనలేదు. ఆమె తల గొఱిగించుకొని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకొని, కాళ్లు వాచునట్లు నడచి వైశాలికి పోయి వాకిట నిలువబడెను. ఆనందుడు మధ్యవర్తియై మాటలాడిన పిమ్మట, ఎనిమిది కఠిన నియమములతో అనుమతి దొరకెను. పెంచిన తల్లి కొడుకు వాకిట నిలుచుండవలసివచ్చిన ఆ ఘట్టము బౌద్ధ వాఙ్మయమున మేము మఱవలేని వానిలో నొకటి.

కాళిదాసు శాకుంతలమున కణ్వాశ్రమపు పెద్దదిక్కు గౌతమి. శకుంతలకు జ్వరమని విని శాంతిజలము తెచ్చునదియు, అత్తవారింటికి తోడు వెళ్లునదియు, నిండుసభలో రాజు ఎఱుగనన్నపుడు పిల్ల మేలిముసుగు తొలగించి గుర్తుపట్టుమని చూపునదియు ఈమెయే. భారతమున అశ్వత్థామ తల్లియైన కృపిని సయితము గౌతమి యనియే చెప్పుట కలదు. ఆమె దుఃఖమును ఎవరును తీరికగా వ్రాయలేదు.

ఇవి కథలు. చరిత్రలోని గౌతమి కొఱకు నాసికకు పోవలెను. నగరమునకు దక్షిణపు కొండలో, పాండవుల గుహలని జనులు పిలుచు బౌద్ధ గుహలు కలవు. శాసనములలో ఆ కొండ పేరు తిరణ్హు. వానిలో మూడవ గుహలో సాతవాహనుల శాసనములు కొన్ని యున్నవి. అందు రెండు శాసనములను ప్రక్కప్రక్కన చదువవలెనని మా మనవి.

మొదటిది గౌతమీపుత్ర శాతకర్ణి ఇరువదినాలుగవ రాజ్యసంవత్సరమునాటి ఆజ్ఞ. విషయము చిన్నది. కొండమీది భిక్షువులకు పూర్వము కఖడి గ్రామమున ఇచ్చిన పొలము దున్నువారు లేక, ఊరిలో మనుష్యులు లేక బీడు పడినది. కనుక దాని బదులు నగరపు పొలిమేరలోని రాజుగారి పొలమునుండి నూఱు నివర్తనముల భూమి ఇచ్చుచున్నామని గోవర్ధనమునందలి అమాత్యుడు శ్యామకునికి వ్రాయించిరి. విశేషమేమనగా ఆజ్ఞ రాజుదొక్కటియే కాదు. రాజమాత పేరును కలిసియున్నది. ఆమెకు ఇచ్చిన విశేషణము 'జీవసుత'. అనగా కొడుకు బ్రదికియున్న తల్లి. బీడుపొలము మార్పిడికి సంబంధించిన కాగితములో ఈ మాట ఎందుకు? రాజు అప్పటికే రోగపీడితుడై యుండెనని కొందఱు పండితులు ఊహించిరి. ఊహ నిజమైనను కాకున్నను, కొడుకు బ్రదికియుండుట చెప్పుకొనదగిన బిరుదమని ఆనాడు భావించినట్లు మాత్రము స్పష్టము.

రెండవది ఆమె మనుమడు వాసిష్ఠీపుత్ర పులుమావి పంతొమ్మిదవ ఏట చెక్కినది. అప్పటికి శాతకర్ణి లేడు. మహాదేవి గౌతమీ బలశ్రీ భిక్షువులకు గుహను దానమిచ్చుచున్నది. తనను గూర్చి ఆమె చెప్పించుకొన్నది కొద్ది: మహారాజు తల్లిని, మహారాజు నాయనమ్మను, సత్యము, దానము, ఓర్పు, అహింస నాకిష్టము, తపము, నియమము, ఉపవాసములతో కాలము గడుపుచున్నాను. కొడుకును గూర్చి చెప్పించినది మాత్రము పంక్తులు పంక్తులు. అతని గుఱ్ఱములు మూడు సముద్రముల నీరు త్రాగినవట. శక యవన పహ్లవులను నిర్జించెనట. క్షహరాత వంశమును మిగులనీయక తుడిచెనట. పరాక్రమమున రాముడు, కేశవుడు, అర్జునుడు, భీమసేనుడు అతనికి సాటియట. ఆ నడుమనే, తప్పు చేసిన శత్రువునైనను చంపుట కిష్టపడనివాడని యొకమాట. తల్లికి సేవ చేయుటలో ఎన్నడును వెనుదీయనివాడని మఱియొకమాట. వంశమును తుడిచిపెట్టినవాడు చంపుట కిష్టపడనివాడెట్లగునని చరిత్రకారుడు అడుగవచ్చును. చనిపోయిన కొడుకును గూర్చి తల్లి చెప్పించిన శాసనమును ఆ ప్రశ్నతో చదువుట మాకు చేతకాదు. మనుమడు నాయనమ్మకు సేవ చేయగోరి, ఆమె మనసునకు ప్రియము చేయగోరి ఆ గుహకు ఒక గ్రామము ఇచ్చెను. నాయనమ్మ యను అర్థమున శాసనములో 'అయ్యకా' యను మాట యున్నది.

పామును విడిచిన గౌతమి, ఆవాలకై తిరిగిన గౌతమి, వాకిట నిలిచిన గౌతమి, 'జీవసుత' యను బిరుదము పోగొట్టుకొన్న గౌతమి. వీరికి ఒకరితో నొకరికి చుట్టఱికము లేదు. పేరొక్కటియే.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. ప్రాకృతమున ఔకారము లేదు. కావున శాసనములో ఆమె 'గోతమీ బలసిరి', కొడుకు 'గోతమిపుత'. సంస్కృతమున వృద్ధి పొందిన అచ్చు ప్రాకృతమున మరల తగ్గి, పేరు మూలపురుషుని ఇంటికే తిరిగిచేరినది. పాళీలోని కిసాగోతమియు అట్టిదే. ఈ రూపమే నాణెములపైకి ఎక్కినది. 1906వ సంవత్సరమున నాసిక ప్రాంతమున జోగల్‌తెంబి యను చోట 13 వేలకు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాతుడైన నహపానునివి. మూడింట రెండువంతుల నాణెములపై శాతకర్ణి తన ముద్రను తిరుగకొట్టించెను. ఓడిన రాజు ముఖముమీద గెలిచిన రాజు తల్లి పేరు! అంగడిలో వెండి చేతులు మాఱినప్పుడెల్ల ఆ తల్లి పేరు అరచేతులలో తిరిగియుండును.

తల్లి పేరు ముందు పెట్టుకొనుట చూచి ఇది మాతృస్వామ్యమని కొందఱు అనుకొందురు. కాదు. రాజ్యము తండ్రినుండి కొడుకునకే వచ్చెడిది. రాణులు పలువురున్న ఇంటిలో ఎవరి కొడుకో తెలుపుటకు ఈ పద్ధతి అక్కఱకు వచ్చియుండును. అయినను ఒక విశేషము విడువరాదు. గౌతమి, వాసిష్ఠి యనునవి ఆ రాణుల పుట్టినింటి గోత్రములు. పెండ్లియైనను ఆ పేర్లు వారిని విడువలేదు. ఈ వాడుక తెలుగు నేలమీదను కొనసాగినది. అమరావతి శాసనమున పులుమావి వాసిష్ఠీపుత్రుడే. కృష్ణాతీరమున విజయపురి నేలిన ఇక్ష్వాకులలో శాంతమూలుడు వాసిష్ఠీపుత్రుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు.

ఇక నది. నాసికకు పడమర త్ర్యంబకమున బ్రహ్మగిరి కలదు. క్షామకాలమున గౌతముడు అచ్చట పైరు పండించి పదుగురికి అన్నము పెట్టుచుండగా, మాయగోవు పైరుమీద పడెనట. దర్భతో అదిలింపగా అది చచ్చెనట. ఆ పాపము పోగొట్టుకొనుటకు ఋషి తపము చేసి గంగను దింపెనట. అందుచే గోదావరికి గౌతమీగంగ యని పేరు. బ్రహ్మపురాణమున గౌతమీ మాహాత్మ్యమను పెద్ద భాగము ఈ నదీతీర్థములకే కేటాయించిరి. బలశ్రీ శాసనమున్న కొండకు ఆ నది పుట్టుచోటు ఒకనాటి నడక దూరమే. గోవుతో మొదలైన పేరు గోవు కథతోనే నదికి అంటుకొనుటయు చూడదగినదే.

నది 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరము దాటగనే చీలును. పడమటి పాయ వసిష్ఠ, అంతర్వేదివద్ద సముద్రమున కలియును. తూర్పు పాయ గౌతమి, కోటిపల్లి మీదుగా యానాము వైపు పోవును. నడుమనున్నది కోనసీమ. సప్తర్షులు తలకొక పాయను తీసికొనిపోయిరని జనుల కథ. సాతవాహన రాజుల తల్లుల గోత్రములు గౌతమి, వాసిష్ఠి. మన డెల్టాలోని రెండు పెద్ద పాయలు గౌతమి, వసిష్ఠ. ఒకదానినుండి మఱియొకటి పుట్టలేదు. అయినను పటము చూచినప్పుడెల్ల ఆ పోలిక మా కంటికి తగులుచునే యుండును. గోదావరి జిల్లాలవారికి గౌతమి యనగా ముందు గుర్తువచ్చునది ఋషి కాదు, రాణి కాదు, నీరు. రాజమహేంద్రవరమున గ్రంథాలయమునకు ఆ పేరే. కాకినాడనుండి హైదరాబాదు వైపు రాత్రి నడచు రైలునకును ఆ పేరే.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణకు వత్తము. మనుస్మృతి మూడవ అధ్యాయమున, నక్షత్రము, చెట్టు, నది, కొండ, పక్షి, పాము మొదలగువాని పేర్లు గల కన్యను వివాహమాడరాదని కలదు. అడ్డు చెప్పువారి ఆధారమిదియే. కాని ఈ నియమమును మన దేశము ఎంత పాటించినదో చూడుడు. రేవతి, రోహిణి, తులసి, గంగ, యమున, కావేరి, సరస్వతి, నర్మద! వీరిలో ఒకరైనను లేని చుట్టఱికము తెలుగునాట నున్నదా? అడ్డు చెప్పుచున్న పెద్దల ఇంటిలోనే నాయనమ్మ గంగమ్మయో మేనత్త రోహిణియో యుండియే తీరును. అదే స్మృతి రెండవ అధ్యాయమున, ఆడపిల్ల పేరు పలుకుటకు సులభముగా, స్పష్టముగా, మనోహరముగా, మంగళకరముగా నుండి, చివర దీర్ఘముండవలెనని చెప్పినది. ఆ లెక్కన గౌతమికి అన్ని గుణములును కలవు. సంస్కృతమున ఆ పేరు దీర్ఘాంతమే. తెలుగున లక్ష్మి, గౌరి వలెనే తుది హ్రస్వమైనది. అంతేకాక ఇది మొదట నది పేరు కాదు, గోత్రము పేరు. నదికి తరువాత వచ్చినది. స్మృతి పట్టుకొని వాదించువారికి ఈ సమాధానము చాలును.

వాడుక విషయము. మా నాయనమ్మల తరములో గోదావరమ్మలు కలరు, గౌతమి అరుదు. తాతల పేర్లు పెట్టు అలవాటు సడలి, మూడక్షరముల పేర్లకు మోజు పెరిగిన పిమ్మటనే ఈ పేరు ఇండ్లలోనికి ఎక్కువగా వచ్చినదని మా అభిప్రాయము. ఈ ఆడపిల్లల పేరు తెలుగు అచ్చుతో నిలిచినది. మగపిల్లల గౌతమ్ మాత్రము 'డు' విడిచి హల్లుతో ముగియుచున్నది. పదము చివర అచ్చుండవలెనను భాషలో ఇట్టి పేర్లు ఇన్ని వచ్చుట వ్యాకరణము తెలిసినవారికి కొంచెము కష్టముగానే యుండును, అలవాటు పడుచున్నాము. 1956వ సంవత్సరమున బుద్ధుని పరినిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన ఉత్సవము దేశమంతట జరిగినది. ఆ కాలముననే నాగార్జునకొండ త్రవ్వకములు పత్రికలకెక్కినవి. 2017 జనవరిలో గౌతమీపుత్ర శాతకర్ణి కథ తెలుగు చలనచిత్రమై వచ్చి, కొడుకు పేరునకు ముందు తల్లి పేరుండుటను బడిపిల్లలకు సయితము తెలిపినది.

ఉత్తరము వ్రాసిన తల్లికి మేము పేరు పెట్టుమనియే జవాబు వ్రాసితిమి. కథలలోని గౌతములు దుఃఖపడిరని విని ఆమె వెనుకాడునేమో యని ఒకమాట చేర్చితిమి: ఆ దుఃఖములు పేరు వలన వచ్చినవి కావు, పేరు నిలిచినది ఆ దుఃఖమును వారు మోసిన తీరు వలన. గౌతమీ యను ముందు సగము ఇప్పుడు ప్రతి వీధిలోను వినబడుచున్నది. బలశ్రీ యను రెండవ సగమును పిల్లకు పెట్టితిమని మాత్రము ఇంతవరకు మాకు ఒక్క ఉత్తరమైనను రాలేదు.